విదేశీ వైద్యం – బయలుదేరే ముందు తెలుసుకోవలసిన విషయాలు

 

ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు వచ్చిందని తెలిసిన రోజున కుటుంబమంతా ఒక్కసారిగా తల్లడిల్లిపోతుంది. ఆ కంగారులో చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "సిస్టరమ్మా, అమెరికా తీసుకువెళితే బాగవుతారా? సింగపూర్‌లో ఏదో కొత్త వైద్యం వచ్చిందటగా? ఎకరం పోయినా ఫరవాలేదు, మనిషి దక్కితే చాలు." మంగళగిరి, తాడేపల్లి, దుగ్గిరాల, తెనాలి ప్రాంతాలలో ప్రతి వీధిలోనూ ఒకరిద్దరి పిల్లలు విదేశాలలో ఉన్నారు. అందువల్ల ఈ ఆలోచన రావడం సహజమే.

ఈ ప్రశ్నకు అవునని గానీ, కాదని గానీ ఒక్క మాటలో చెప్పలేము. ఏ జబ్బు, ఏ దశలో ఉంది, దానికి ఏ చికిత్స ఉంది అన్నవి ముందు తేలాలి. ఆ చికిత్స ఎక్కడ చేయించాలి అన్నది ఆ తరువాతి ప్రశ్న. చాలా కుటుంబాలు ఈ వరుసను తలకిందులు చేసి, ముందు ఊరు నిర్ణయించుకొని తరువాత చికిత్సను వెదుకుతారు. కష్టాలు అక్కడే మొదలవుతాయి.

ఒకప్పుడు ఎలా ఉండేది?

మన ప్రాంతానికి ఆధునిక వైద్యం సముద్రం దాటి వచ్చింది. 1883లో అమెరికా నుంచి డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు గుంటూరు వచ్చి, 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆస్పత్రి తెరిచారు. 1900లో డాక్టర్ ఐడా స్కడ్డర్ అమ్మగారు వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టిన సేవ నేటి క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రిగా ఎదిగింది. అక్కడ 1961లో గుండె తెరిచి ఆపరేషను చేశారు. 1971లో కిడ్నీ మార్పిడి చేశారు. మన తాతల కాలం నుంచి "ఇక్కడ తేలకపోతే వేలూరు" అని రైలెక్కి కాట్పాడిలో దిగడం మన వాళ్ళకు అలవాటే.

అయినా కలిగినవారు పెద్ద జబ్బులకు విదేశాల వైపే చూసేవారు. కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా 1984లో గుండె ఆపరేషను కోసం అమెరికా వెళ్ళారు. వెళ్ళలేని వారి సంగతి ఏమిటి? 1979లో మద్రాసులో డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డిగారి వద్దకు వచ్చిన 38 ఏళ్ళ రోగికి అమెరికాలో గుండె ఆపరేషను అవసరమైంది. డబ్బు సమకూరక ఆయన చనిపోయారు. చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన ప్రతాప్ రెడ్డిగారు ఆ బాధతోనే 1983లో మద్రాసులో అపోలో ఆస్పత్రిని ప్రారంభించారు.

ఇప్పుడు మన దగ్గర ఏమున్నాయి?

ఈ నలభై ఏళ్ళలో పరిస్థితి చాలా మారింది. అమెరికాలో పనిచేసిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు తిరిగి వచ్చి హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నెలకొల్పారు. దాని శాఖ ఇప్పుడు విజయవాడ పక్కన తాడిగడపలో కూడా ఉంది. విదేశాలలో స్థిరపడిన మన వైద్యుల చొరవతో మంగళగిరి మండలం చినకాకానిలో ఎన్.ఆర్.ఐ. వైద్య కళాశాల వచ్చింది. మంగళగిరి ఎయిమ్స్‌లో 2019 మార్చిలో ఓపీ సేవలు మొదలయ్యాయి, 2024 ఫిబ్రవరి 25న ఆ సంస్థను జాతికి అంకితం చేశారు. గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రిలో 2016లో డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలేగారి బృందం గుండె మార్పిడి చేసింది. 1984లో ముఖ్యమంత్రిగారు గుండె ఆపరేషనుకు అమెరికా వెళ్ళిన రాష్ట్రంలో, 32 ఏళ్ళ తరువాత ప్రభుత్వ ఆస్పత్రిలోనే గుండె మార్పిడి జరిగింది.

క్యాన్సరు విషయంలోనూ అంతే. టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో ఉంది. ప్రోటాన్ కిరణ చికిత్స 2019 నుంచి చెన్నైలో దొరుకుతోంది. కొన్ని రకాల రక్త క్యాన్సర్లకు రోగి సొంత రక్తకణాలనే మార్చి తిరిగి ఎక్కించే కార్-టి చికిత్స ఒకటి ఉంది. దీనిని మన దేశంలోనే తయారుచేయగా 2023 అక్టోబరులో ప్రభుత్వ అనుమతి లభించింది. అమెరికాలో ఈ చికిత్సకు కోట్లు అవుతాయి, ఇక్కడ అందులో కొద్ది భాగమే.

పైపెచ్చు, ఇతర దేశాలవారే వైద్యానికి మన దగ్గరకు వస్తున్నారు. 2003లో పాకిస్తాన్ నుంచి ఒక పసిపాపను తల్లిదండ్రులు లాహోరు–ఢిల్లీ బస్సులో తీసుకువచ్చి, బెంగుళూరు నారాయణ హృదయాలయలో గుండె ఆపరేషను చేయించారు. ఆఫ్రికా, గల్ఫ్ దేశాల రోగులు హైదరాబాదు, చెన్నై ఆస్పత్రులలో నేడు మామూలుగా కనిపిస్తారు. కనుక "విదేశం కాబట్టి మంచిది" అన్న నమ్మకం ఒక్కటే ఇల్లు తాకట్టు పెట్టడానికి సరిపోదు.

"మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు కదా!"

మన ప్రాంతంలో ఇది చాలా ఎక్కువగా వినిపించే మాట. పిల్లలు ప్రేమతోనే రమ్మంటారు. అయితే మూడు విషయాలు వారితో ముందుగా మాట్లాడండి.

మొదటిది వీసా. వైద్యం కోసం వెళ్ళేవారు ఆ సంగతి దాచకుండా చెప్పాలి. జబ్బు ఏమిటో, అక్కడ చికిత్స ఎందుకు అవసరమో వివరిస్తూ మన డాక్టరుగారు ఇచ్చిన ఉత్తరం ఉండాలి. చికిత్సకు ఒప్పుకుంటూ, ఎంత కాలం, ఎంత ఖర్చు అవుతుందో తెలుపుతూ అక్కడి ఆస్పత్రి ఇచ్చిన ఉత్తరం ఉండాలి. ప్రయాణం, వైద్యం, బస ఖర్చులు ఎవరు భరిస్తారో రుజువు చూపాలి. "మనవడిని చూడటానికి" అని చెప్పి వెళ్ళి ఆస్పత్రిలో చేరితే తరువాతి వీసాలకు చిక్కు రావచ్చు.

రెండవది బీమా. అబ్బాయికి కంపెనీ ఇచ్చిన బీమా సాధారణంగా అతని భార్యకు, పిల్లలకు వర్తిస్తుంది. చూడటానికి వెళ్ళిన తల్లిదండ్రులకు వర్తించదు. వారికి విడిగా కొనే ప్రయాణ బీమాలో, పాలసీ తీసుకొనే నాటికే ఉన్న షుగరు, గుండె జబ్బు, క్యాన్సరు వంటివి మామూలుగా మినహాయిస్తారు. పాలసీ కాగితంలో సన్నటి అక్షరాలు అబ్బాయితో కలిసి చదవండి.

మూడవది మనిషి తోడు. అక్కడ కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగానికి వెళ్ళాలి. కీమోథెరపీ తరువాత వాంతులతో ఉన్న పెద్దావిడకు గంజి కాచి ఇచ్చేవారు, భాష వచ్చినవారు పగటి పూట ఎవరున్నారు? ఇక్కడ అక్కచెల్లెళ్ళు, తోడికోడళ్ళు వంతులవారీగా చేసే పని అక్కడ ఒక్కరి మీద పడుతుంది.

నిర్ణయానికి ముందు ఐదు ప్రశ్నలు

మీ డాక్టరుగారి దగ్గర ఒక అరగంట సమయం అడగండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళి, జవాబులు కాగితం మీద రాసుకోండి.

1. జబ్బు పేరు, దశ ఏమిటి? వాటిని ఖాయంగా తేల్చిన పరీక్ష ఏది?
2. దీనికి ప్రస్తుతం ఉన్న సరైన చికిత్స ఏమిటి? అది మన రాష్ట్రంలో గానీ, దేశంలో గానీ ఎక్కడ దొరుకుతుంది?
3. ఆ చికిత్సతో జబ్బు పూర్తిగా నయమవుతుందా? ఆయుష్షు కొంత పెరుగుతుందా? బాధ మాత్రమే తగ్గుతుందా?
4. విదేశంలో ఇస్తామంటున్న చికిత్స ఇక్కడి దానికంటే ఏ విధంగా వేరు? అది నిరూపితమైనదేనా?
5. ప్రయాణంలో పట్టే రోజులు ఆలస్యమైతే రోగికి ఏమి నష్టం?

మూడవ ప్రశ్న అడగడానికి చాలామంది భయపడతారు. కానీ పొలం అమ్మాలా వద్దా అన్నది ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

తరువాత మరొక నిపుణుని అభిప్రాయం తీసుకోండి. డాక్టరుగారు ఏమనుకుంటారో అని మొహమాటపడవద్దు. మంచి వైద్యులెవరూ దీనికి కోపగించుకోరు. ఇందుకు రోగిని ఊళ్ళు తిప్పనవసరం లేదు. చాలాసార్లు కాగితాలు, స్కానింగు సీడీలు పంపితే చాలు.

ఒక ముఖ్యమైన సంగతి. ముక్క పరీక్ష అంటే బయాప్సీ చేసినప్పుడు, తీసిన ముక్కను మైనం దిమ్మలో భద్రపరుస్తారు. దాన్ని బ్లాకు అంటారు. దాని నుంచి గాజు పలకలు, అంటే స్లైడ్లు తయారుచేస్తారు. ఇంకో ఆస్పత్రివారు రిపోర్టు కాగితంతో తృప్తిపడరు, బ్లాకు, స్లైడ్లు అడుగుతారు. వాటిని ల్యాబు నుంచి అడిగి తీసుకొని, ఎండ తగలకుండా చల్లని చోట ఉంచండి. అవి ఉంటే మళ్ళీ సూది గుచ్చి ముక్క తీసే బాధ చాలాసార్లు తప్పుతుంది.

విదేశం వెళ్ళడం ఎప్పుడు సమంజసం?

కొన్ని సందర్భాలు నిజంగా ఉన్నాయి. మన దేశంలో ఇంకా రాని చికిత్స, అది పనిచేస్తుందని నిరూపణ అయి ఉండటం, మన వైద్యులే వెళ్ళమని పేరుతో సహా సూచించడం – ఈ మూడూ కలిస్తే ఆలోచించవచ్చు. రోగి ఆ దేశంలోనే ఉద్యోగం చేస్తూ అక్కడి బీమా కలిగి ఉన్నా, అక్కడి పౌరుడైనా అక్కడే వైద్యం చేయించుకోవడం మేలు.

కొన్నిసార్లు మనిషి వెళ్ళకుండా మందునే తెప్పించవచ్చు. 2021లో హైదరాబాదులో వెన్నెముక కండరాల క్షీణత అనే పుట్టు జబ్బు ఉన్న బాలునికి సుమారు 16 కోట్ల ఖరీదైన జన్యు చికిత్స మందును, దాతల విరాళాలతో అమెరికా నుంచి తెప్పించి ఇక్కడే ఇచ్చారు. మన దేశంలో అమ్మకానికి లేని మందును ఒక రోగి సొంత అవసరానికి దిగుమతి చేసుకోవడానికి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇస్తుంది. డాక్టరుగారి చీటీతో దరఖాస్తు చేయాలి. ఈ మార్గం ఉందేమో తప్పక అడగండి.

కిడ్నీ పేరుతో విదేశం – వద్దు

డయాలసిస్ చేయించుకునే వారి కుటుంబాలకు "అక్కడకు వెళితే వెంటనే కిడ్నీ దొరుకుతుంది" అని చెప్పే దళారులు ఉంటారు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం మన దేశంలో కిడ్నీ అమ్మడం, కొనడం నేరం. భార్య లేక భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతయ్యలు, అమ్మమ్మ, నాయనమ్మలు, మనవలు దగ్గరి బంధువులుగా ఇవ్వవచ్చు. ఇతరులు ప్రేమతో ఇస్తామంటే అనుమతి సంఘం విచారించి ఒప్పుకోవాలి. బ్రెయిన్ డెడ్ అయిన వారి నుంచి అవయవం కోసం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చు.

2016లో నల్గొండ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. పేద యువకులకు డబ్బు ఆశ చూపి, కొలంబో తీసుకువెళ్ళి కిడ్నీలు తీయించినట్లు బయటపడింది. దాంతో శ్రీలంక ప్రభుత్వం విదేశీయులకు కిడ్నీ మార్పిడిని నిలిపివేసింది. ఇలాంటి చోట కిడ్నీ ఇచ్చిన పేదవాడు మోసపోతాడు, తీసుకున్న రోగీ ప్రమాదంలో పడతాడు. దాతకు కామెర్లు, హెచ్.ఐ.వి. పరీక్షలు సరిగా చేశారో లేదో తెలియదు. తిరిగి వచ్చాక ఆపరేషను వివరాల కాగితం సరిగా ఉండదు. ఒకరి బలహీనతను కొని మన మనిషిని బతికించుకోవడం క్రైస్తవ మనస్సాక్షికి తగదు.

మూలకణాల పేరుతో వచ్చే ప్రకటనలు

ఆటిజం, పక్షవాతం, కండరాల క్షీణత ఉన్న పిల్లల తల్లిదండ్రులకు "మూలకణాల ఇంజెక్షనుతో లేచి నడుస్తాడు" అనే ప్రకటనలు చేరుతుంటాయి. విదేశాలలోనూ ఉన్నాయి, మన దేశంలోనూ ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, ఎముక మజ్జ మార్పిడి ద్వారా రక్త సంబంధ జబ్బులకు చేసేది మాత్రమే ఆమోదిత చికిత్స. మిగిలినవి పరిశోధన దశలోనివే. "పరిశోధన" అంటూనే లక్షలు కట్టమన్నారంటే ఆగి ఆలోచించండి. నయమైన వారి ఫొటోలు చూసి కాక, మీ పిల్లల డాక్టరుగారిని అడిగి నిర్ణయించండి.

ఖర్చు లెక్క వేసుకోండి

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలుసు. ఆస్పత్రి పంపే అంచనా పత్రం గరిష్ఠ మొత్తం కాదు. ఇన్ఫెక్షను వచ్చి ఐ.సి.యు.లో పది రోజులు ఎక్కువ ఉంటే బిల్లు రెట్టింపు కావచ్చు. ఇద్దరి విమాన టిక్కెట్లు, బస, భోజనం, దుబాసీ, మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళే ఖర్చు, తోడు వెళ్ళినవారి పోయిన సంపాదన – ఇవన్నీ కలపండి. మగ్గం మీద బతికే ఇంట్లో ఒక మనిషి మూడు నెలలు లేకపోతే ఆ నష్టమూ లెక్కలోకి రావాలి.

డబ్బును బ్యాంకు ద్వారా నేరుగా ఆస్పత్రి ఖాతాకే పంపండి. ఏజెంటు చేతికి ఇవ్వవద్దు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. వైద్యానికి అంతకు మించి కావలసి వస్తే ఆస్పత్రి అంచనా పత్రం చూపి బ్యాంకును అడగాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం విదేశీ ఆస్పత్రులకు వర్తించదు. ఇక్కడ ఆ పథకంలో వచ్చే చికిత్సను వదులుకుంటున్నారేమో ముందు చూసుకోండి.

ప్రయాణంలో జాగ్రత్తలు

విమానం లోపలి గాలి పీడనం 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్లుగా ఉంటుంది. అంటే దాదాపు ఊటీ కొండ మీద కూర్చున్నట్లే. ఊపిరితిత్తులు, గుండె బలహీనంగా ఉన్నవారికి, రక్తం బాగా తక్కువగా ఉన్నవారికి ఆయాసం రావచ్చు. ఆక్సిజన్, స్ట్రెచర్ కావాలంటే విమాన సంస్థకు ముందే తెలిపి, డాక్టరుగారితో ప్రయాణ అర్హత పత్రం నింపించాలి.

• పొట్ట, గుండె పెద్ద ఆపరేషన్ల తరువాత సాధారణంగా పది నుంచి పద్నాలుగు రోజుల వరకు విమానం ఎక్కనివ్వరు.
• ఎక్కువ సేపు కదలకుండా కూర్చుంటే కాలి నరాలలో రక్తం గడ్డకట్టవచ్చు. పాదాలు ఆడిస్తూ, వీలైతే లేచి నడిపించండి.
• ఇన్సులిన్, గుండె మందులు చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో వేయవద్దు.
• నొప్పికి, నిద్రకు వాడే కొన్ని మందులకు గల్ఫ్ దేశాలలో కఠిన నిబంధనలు ఉన్నాయి. చీటీ, డాక్టరుగారి ఉత్తరం లేకుండా తీసుకువెళ్ళవద్దు.
• డయాలసిస్ రోగి వెళ్ళే ఊరిలో తేదీ ముందే ఖరారు చేసుకోవాలి.

తిరిగి వచ్చేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషను వివరాలు, మందుల రసాయనిక పేర్లు ఇంగ్లీషులో రాయించుకు రండి. అక్కడి బ్రాండు పేరు ఇక్కడి మందుల షాపులో దొరకకపోవచ్చు. వచ్చిన వారంలోపే స్థానిక డాక్టరుగారికి చూపించి, విదేశీ ఆస్పత్రిలో ఉన్న సంగతి చెప్పండి.

చెప్పడానికి కష్టమైన మాట ఒకటి ఉంది. పరాయి దేశంలో మరణం సంభవిస్తే, మరణ ధ్రువపత్రం, దేహం చెడకుండా చేసినట్లు పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, భారత రాయబార కార్యాలయం అనుమతి వచ్చేదాకా దేహాన్ని పంపరు. దీనికి రోజులు పడుతుంది. బాగా నీరసించిన రోగిని తీసుకువెళ్ళేవారు ఈ సంగతి తెలిసే వెళ్ళాలి.

నయం కాదని తేలినప్పుడు

కొన్ని జబ్బులు కొన్ని దశలలో ఏ దేశంలోనూ నయం కావు. వార్డులో ఒక పెద్దాయన నాకు గుర్తున్నారు. క్లోమ గ్రంథి క్యాన్సరు కాలేయానికి పాకింది. కొడుకులు రోజూ ఫోనులో వాదించుకునేవారు. ఒకరు సింగపూర్ అంటారు, ఒకరు అమెరికా అంటారు. నాన్నగారిని మాత్రం ఎవరూ అడగలేదు. ఒక సాయంత్రం నేను మందు ఇస్తుంటే ఆయనే అన్నారు, "నన్ను ఇంటికి పంపమని చెప్పమ్మా. మా అరుగు మీద కూర్చోవాలని ఉంది." ఆ మాట డాక్టరుగారు పిల్లలకు చెప్పారు. నొప్పి మందులు సరిచేసి ఇంటికి పంపారు. కొడుకులిద్దరూ టిక్కెట్లు కొన్నారు, అయితే ఇటువైపు రావడానికి. ఆయన దగ్గర వారికి ఐదు వారాలు దక్కాయి.

నొప్పి, ఆయాసం, వాంతులు తగ్గించే ఉపశమన వైద్యం కూడా వైద్యమే. నిపుణుల పర్యవేక్షణలో ఇచ్చే మార్ఫిన్ మాత్ర క్యాన్సరు నొప్పిని బాగా అదుపు చేస్తుంది. "ఏమీ చేయలేం" అనే దశ నర్సింగులో లేదు. మంచం పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, ఎండిన పెదాలు తడపడం, చెయ్యి పట్టుకొని ప్రార్థించడం మిగిలే ఉంటాయి. విదేశం తీసుకువెళ్ళలేకపోయామని బాధపడే పిల్లలారా, దగ్గర కూర్చోవడం తక్కువ సేవ అనుకోవద్దు.

గుర్తుంచుకోండి

• ముందు జబ్బు, దశ, చికిత్స తేల్చుకోండి. ఊరు తరువాత.
• రెండవ అభిప్రాయం తీసుకోకుండా పొలం, బంగారం అమ్మవద్దు.
• బ్లాకు, స్లైడ్లు, సీడీలు భద్రపరచండి.
• అవయవం కొనిపెడతామనే వారిని నమ్మవద్దు.
• డబ్బు నేరుగా ఆస్పత్రికే, బ్యాంకు ద్వారానే పంపండి.
• రోగి మనసులో ఏముందో అడగండి.

మీ ఇంట ఈ నిర్ణయం తీసుకోవలసి వస్తే కాగితాలన్నీ తీసుకొని మా ఓపీలో నర్సింగ్ సోదరీమణులను కలవండి. డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు మేము పక్కన ఉంటాము. ప్రభువు మీకు జ్ఞానమును, ధైర్యమును, మీ రోగికి నెమ్మదిని అనుగ్రహించును గాక.